మూత కింద పేరు

నేను ఒక రేకు డబ్బాను. ఇప్పుడు నన్ను చూస్తే నమ్మరు గానీ, ఒకప్పుడు నా ఒంటినిండా ఎర్ర గులాబీలుండేవి. వాటి మధ్య గొడుగు పట్టుకొని ఒక దొరసాని నవ్వుతూ నిలబడి ఉండేది. ముందు గులాబీలు పోయాయి, తరవాత గొడుగు పోయింది. దొరసాని చాలాకాలం ఓపిక పట్టింది, చివరికి ఆమె ముఖం కూడా చెరిగిపోయింది. ఇప్పుడు నాకు మిగిలింది కాస్త తుప్పు, ఒక సొట్ట, గట్టిగా పట్టే మూత. ఆ మూత సంగతి గుర్తుపెట్టుకోండి. నేను చెప్పబోయేదంతా దాదాపు దాని కిందే జరిగింది.

నేను పుట్టింది మద్రాసులో, బిస్కెట్లు చేసేచోట. రేకు కోసి, వంచి, కొట్టి, రంగులద్ది, కడుపునిండా బిస్కెట్లు పేర్చి రైలెక్కించారు. వెన్న వాసన వేస్తూ, నా అంతటిది లేదనుకుంటూ, కాలవగట్టున ఉన్న ఈ చిన్న ఊళ్ళో దిగాను. ఇది పల్లె కాదు, పట్నమని చెప్పుకోవడానికీ లేదు. రైలు ఆగీ ఆగకుండా ఆగుతుంది. నాలుగు వరి మిల్లులు, ఒక సినిమా హాలు, తాలూకా కచేరీ, మిల్లుల వెనక పేటలో తెల్ల సున్నం వేసిన చర్చి. ఆ చర్చివాళ్ళు క్రిస్మస్ టీ కోసం నన్ను కొన్నారు. నేను మద్రాసు నుంచి అంత భద్రంగా మోసుకొచ్చిన బిస్కెట్లు, చివరి ప్రార్థనకు ఆమెన్ అనీ అనకముందే అయిపోయాయి. మనుషుల భక్తి ఎంత లోతో నాకు ఆ రోజు తెలియలేదు, ఆకలి మాత్రం తెలిసింది.

ఖాళీ అయిన నన్ను స్త్రీల సమాజం పెద్దావిడ కడిగి, ఎండబెట్టి, బీరువాలో దాచింది. ఆ చర్చిలో ఒక ఆచారం ఉంది. కొత్తగా కాపురానికి వచ్చిన ప్రతి పిల్లకూ సమాజం తరఫున ఒక డబ్బా ఇస్తారు. ఆమె ఎసరు పెట్టినప్పుడల్లా, కడగబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి ఆ డబ్బాలో వెయ్యాలి. అది దేవుడి వంతు. నెలకొకసారి, మొదటి ఆదివారం నాడు, ఆడవాళ్ళందరూ డబ్బాలు కొంగు చాటున పెట్టుకొచ్చి చర్చిలో బల్ల ముందున్న పెద్ద గంపలో గుమ్మరిస్తారు. ఆ బియ్యం కొంత పాదిరీ అయ్యగారింటికి వెళుతుంది, కొంత దిక్కులేని ముసలివాళ్ళకు. పిడికెడు బియ్యం అంటే ఆ పేటలో పాకే పిల్లలకు కూడా తెలుసు.

అలా నేను దీనమ్మ చేతికి వచ్చాను. బిస్కెట్లు మోసినదాన్ని ఇక బియ్యం మొయ్యాలా అని మొదట్లో ముఖం ముడుచుకున్నాను. కానీ దీనమ్మ నన్ను వంటింట్లో అన్నిటికన్నా పై అలమరలో, కిటికీ పక్కన పెట్టింది. పండగొచ్చినా పబ్బమొచ్చినా ముందు నన్నే తుడిచేది. దొరసాని ముఖం మీద మసి పడితే కొంగుతో అద్దేది. అంత మర్యాద దొరికాక నేను మాత్రం ఎన్నాళ్ళు బెట్టు చెయ్యగలను?

ఆమె భర్త ఇస్సాకు, దర్జీ. వీధి వసారాలో మిషను వేసుకొని పాదిరీల అంగీల నుంచి పిల్లకాయల నిక్కర్ల దాకా కుట్టేవాడు. మాట తక్కువ మనిషి. మిషను మాట్లాడుతూ ఉంటే తను ఊరుకునే రకం. దారం పళ్ళతో పుటుక్కున తెంపి, తెగిన కొసను రెండు వేళ్ళ మధ్య నలిపి చిన్న ఉండ చెయ్యడం ఆయనకు అలవాటు. ఆ దారపు ఉండలు ఇల్లంతా దొరికేవి. పరుపు మీద, పప్పులో, ఒకసారి అయ్యగారికి పెట్టిన పాయసంలో. దీనమ్మ ఏరలేక, "ఏవయ్యా, నువ్వు దారం కుడతన్నావా, తింటన్నావా?" అనేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఆ ఇంట్లో మూడో మనిషి అత్త మరియమ్మ. చెడ్డమనిషి అని నేను అనను. కానీ చర్చి పద్ధతులన్నీ తన భుజాల మీదే నిలబడ్డాయనుకునే మనిషి.

పెళ్ళయిన కొన్నేళ్ళకు గానీ దీనమ్మ కడుపు పండలేదు. ఆడపిల్ల పుట్టింది. ఆ రోజుల్లో దీనమ్మ నాలో వేసే పిడికెడు పిడికెడులా ఉండేది కాదు, దోసెడు ఉండేది. మరియమ్మ చూసి, "దేవుడికేమైనా కరువొచ్చిందా ఏంటే?" అని సణిగేది గానీ ఆవిడ ముఖం కూడా వెలిగిపోతూనే ఉండేది.

ఒకనాటి మధ్యాహ్నం బాలింత దీనమ్మ వంటింటి గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. ఒళ్ళో పిల్ల. ఇస్సాకు గడపమీద కూర్చొని దారం ఉండ నలుపుతున్నాడు. ఇద్దరూ గుసగుసలాడుకుంటున్నారు.

"హెప్సిబా అందామా?" అన్నాడు ఆయన.

"అమ్మో, పలకటానికి నోరు తిరగొద్దూ ఎవరికైనా!"

"తిరక్కపోతే తిప్పుకుంటారు. మన పిల్ల కోసం ఆ మాత్రం తిప్పుకోలేరా?"

దీనమ్మ కిసుక్కున నవ్వింది. పిల్ల చెవి దగ్గర నోరు పెట్టి ఆ పేరు పలికి చూసింది. నోరు బాగానే తిరిగింది. అంతలో పెరట్లోంచి మరియమ్మ వచ్చింది.

"పేరుగాని అనుకుంటన్నారా? మనసులోనే పెట్టుకోండి. బాప్తిస్మం నాడు అయ్యగారి నోటెంట రావాలి ముందు. అందాకా మీ నోట్లోంచి జారిందంటే ఊరుకోను. నాక్కూడా చెప్పొద్దు."

ఆ చర్చిలో అదొక పట్టింపు. బిడ్డ పేరును తల్లీ తండ్రీ గుట్టుగా ఉంచుకొని, నీళ్ళ దగ్గర అయ్యగారు "ఈ బిడ్డ పేరేమి?" అని అడిగినప్పుడు చెప్పాలి. ఆయన దాన్ని పెద్దగా పలికాకే అది పేరు. అంతవరకూ పాప, బుజ్జి, చిట్టి, ఏదైనా అనుకోవచ్చు. మంచి ఆచారమే. ఆ పేరు మొదటిసారి వినడానికి చర్చి అంతా చెవులు రిక్కించడం నాకు కూడా ముచ్చటగానే ఉండేది. ఆచారాలు ఎవరినీ ఏమీ చెయ్యవు, అన్నీ సవ్యంగా జరిగినంతకాలం.

ఈస్టరుకు పై ఊరి నుంచి పెద్దయ్యగారు వస్తున్నారని తెలిసింది. "ఆయన చేతులమీదుగా చేపిద్దాం, మన పిల్లకేం తక్కువ?" అంది మరియమ్మ. దీనమ్మకు కూడా ఆశ పుట్టింది. ఇస్సాకు తెల్లటి గుడ్డ తెచ్చి, లేసు తెచ్చి, బాప్తిస్మం గౌను మొదలుపెట్టాడు. వచ్చినవాళ్ళ బట్టలన్నీ పక్కనపెట్టి, ఆ గౌను మాత్రం రోజుకు కొంచెం కొంచెం కుట్టేవాడు. తొందరగా అయిపోతే ఆ సంబరం అయిపోతుందన్నట్టు.

ఈస్టరు ఇంకా కొన్ని రోజులుందనగా పిల్లకు జ్వరం తగిలింది. మందులు పోశారు, తడిగుడ్డలు వేశారు, పేటంతా వచ్చి ప్రార్థన చేసింది. అయ్యగారు పల్లెల మీదికి వెళ్ళి ఉన్నారు. ఆయన తిరిగొచ్చేసరికి పిల్ల లేదు.

ఆ రోజు మిషను ఆగకుండా తిరిగింది. గౌను ఇంకా సగమే అయింది మరి. వచ్చిన జనం వసారాలో నిలబడి ఉంటే వాళ్ళ మధ్య కూర్చొని ఇస్సాకు తలెత్తకుండా కుట్టాడు. ఎవరూ ఆయన్ని ఆపలేదు. నేను వంటింటి అలమరలో కూర్చొని ఆ చప్పుడు విన్నాను. ఇన్నేళ్ళలో ఆ మిషను చప్పుడు ఎన్నిసార్లో విన్నాను గానీ, ఆ రోజుది నా రేకులో ఉండిపోయింది.

సమాధుల తోటకు డబ్బాలను తీసుకువెళ్ళరు కాబట్టి అక్కడ జరిగింది నేను చూడలేదు. తరవాత వంటింట్లో ఆడవాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను. గుంట దగ్గర అయ్యగారు పుస్తకం తెరిచి, "బిడ్డ పేరేమిటమ్మా?" అని అడిగారట. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదట. ఇస్సాకు చెబుతాడని దీనమ్మ చూసింది. దీనమ్మ చెబుతుందని ఇస్సాకు చూశాడు. ఇద్దరి నోళ్ళూ పెగలకముందే మరియమ్మ ఏడుపు మధ్యలో, "ఇంకా పెట్టలేదండయ్యగారూ" అంది. నిజానికి ఆవిడకు తెలియదు కదా. అయ్యగారు "ఈ పసిబిడ్డను" అని చదివి ముగించారు. మట్టి పోశారు.

అంతే. ఇంత చిన్న విషయం. ఒక పేరు చెప్పాల్సిన చోట చెప్పలేదు. మీరైతే మర్నాడైనా చెప్పుకునేవాళ్ళేమో. వాళ్ళిద్దరూ చెప్పుకోలేదు. ఆ పేరెత్తితే ఆయన కుప్పకూలిపోతాడని ఆమె భయం. ఆ పేరెత్తితే ఆమె బతకదని ఆయన భయం. ఒకరినొకరు కాపాడుకుంటూ, ఇద్దరూ కలిసి ఆ పేరును మట్టిలోనే ఉంచేశారు. మనుషుల ప్రేమలో ఇదొక తెలివితక్కువతనం, నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కొన్నాళ్ళకు దీనమ్మ మళ్ళీ పొయ్యి దగ్గరికి వచ్చింది. ఎసరు పెట్టింది. బియ్యం కొలిచింది. అలవాటుగా పిడికెడు తీసి నా మూత తెరిచింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఇక వెయ్యదేమో అనుకున్నాను. దేవుడి మీద అలిగినవాళ్ళను నేను ఎరగనా? కానీ ఆమె వంగింది. ఆమె ఊపిరి నా అడుగున తగిలేంత దగ్గరగా వంగి, బియ్యంతోపాటు ఒక్క మాట వదిలింది.

"హెప్సిబా."

వెంటనే మూత బిగించింది. పేరు బయటికి పోతుందేమో అన్నట్టు, పైన అరచెయ్యి పెట్టి నొక్కింది.

ఆనాటి నుంచి పొద్దునా సాయంత్రం అదే తంతు. పిడికెడు బియ్యం, ఒక పేరు, మూత. చూసేవాళ్ళకు ఆమె పెదవులు కదలడం మాత్రమే కనపడేది. ప్రార్థన చేసుకుంటోంది అనుకునేవాళ్ళు. ప్రార్థన కాదని నేను మాత్రం ఎలా అనగలను?

మళ్ళీ పిల్లలు కలగలేదు. పక్కింటి సువార్తమ్మకు మాత్రం వరసగా కలిగారు. సువార్తమ్మ దీనమ్మ ఈడుదే. గొంతు పెద్దది, మనసు చెడ్డది కాదు, నోటికి మాత్రం తలుపు లేదు. ఆమె గుసగుసలాడితే కాలవ అవతలికి వినపడేది. ఆమె పెద్దకొడుక్కి బాప్తిస్మం ఇచ్చి "ప్రభుదాసు" అని అయ్యగారు పలికినప్పటి నుంచి ఆమెను అందరూ ప్రభుదాసు వాళ్ళమ్మ అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పేటలో ఆడవాళ్ళకు అదే పెద్దరికం. బిడ్డ పేరు తగిలించుకొని తిరుగుతారు. దీనమ్మను మాత్రం దీనమ్మా అనేవాళ్ళు, లేదా మిషను ఇస్సాకు భార్యా అనేవాళ్ళు. సమాజం మీటింగులో పిల్లల పెంపకం గురించి ఆమె ఏదో అనబోతే ఒకసారి సువార్తమ్మే, "నీకేం తెలుసులేవే, ఒకర్ని పెంచావా, పెట్టావా?" అనేసింది. ఆ రోజు మొదటి ఆదివారం, నేను దీనమ్మ ఒళ్ళోనే ఉన్నాను. ఆమె వేళ్ళు నా అంచును ఎంత గట్టిగా పట్టుకున్నాయంటే, ఈ సొట్ట అప్పుడు పడిందే.

ఇక అసలు సంగతి చెప్పాలి. ప్రభుదాసు బాప్తిస్మం జరిగిన రోజునే అది మొదలైంది. ఆరాధన అయ్యాక ఆడవాళ్ళందరూ సువార్తమ్మ ఇంట్లో విందుకు వెళ్ళారు. ఇస్సాకు తలనొప్పి అని చెప్పి ముందే ఇంటికి వచ్చేశాడు. వంటింట్లోకి వచ్చాడు. మంచినీళ్ళు తాగుతాడనుకున్నాను. ఆయన బియ్యం కుండలో చెయ్యి పెట్టి ఒక పిడికెడు తీశాడు. నా మూత తీయడం చేతకాక కాసేపు తంటాలు పడ్డాడు. తీశాక అటూ ఇటూ చూసి, వంగి, అచ్చం ఆమెలాగే వంగి అన్నాడు.

"హెప్సిబా. ఇది నాన్నది తల్లీ."

నేను రేకుదాన్ని. నాకు గుండె లేదు. ఉంటే ఆ రోజు ఏమయ్యేదో.

ఆనాటి నుంచి ఆయన కూడా రోజూ వచ్చేవాడు. దీనమ్మ నీళ్ళకు వెళ్ళినప్పుడో, కూరకు వెళ్ళినప్పుడో, సమాజానికి వెళ్ళినప్పుడో. మిషను చప్పుడు ఆగితే నాకు తెలిసిపోయేది. ఇంటికి బియ్యం తెచ్చేది ఆయనే కాబట్టి కుండలో తరిగినా అడిగేవాళ్ళు లేరు. ఒక్కోసారి పిడికిట్లోంచి బియ్యంతోపాటు ఒక దారపు ఉండ కూడా జారి నాలో పడేది. దీనమ్మ మొదటి ఆదివారం చేటలో చెరుగుతూ ఆ ఉండలు ఏరి, "దేవుడి బియ్యంలో కూడా నీ దారాలేనా?" అని వసారా వైపు అరిచేది. ఆయన మిషను వేగం పెంచేవాడు.

ఆలోచించండి. ఒకే కప్పు కింద, ఒకే కంచంలో తినే ఇద్దరు మనుషులు. ఇద్దరూ ఒకే పేరును నా చెవిన వేసి పోతున్నారు. అతను చెబుతున్నాడని ఆమెకు తెలియదు, ఆమె చెబుతోందని అతనికి తెలియదు. తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నాకు మూత ఉంది గానీ నోరు లేదు. ఎన్నిసార్లు అలమర మీంచి దొర్లి కిందపడదామనుకున్నానో! పడితే మాత్రం ఏమొస్తుంది? బియ్యం ఒలుకుతాయి. పేరు ఒలకదు.

నాలో బియ్యం మాత్రం తొందరగా నిండసాగాయి. ఇంటినిండా జనమున్న ఆడవాళ్ళు సగం డబ్బాలు తెస్తుంటే, పట్టుమని నలుగురైనా లేని ఇంటినుంచి దీనమ్మ నిండు డబ్బా తెచ్చేది. సువార్తమ్మ కళ్ళు దానిమీద పడ్డాయి.

"మొగుడూ పెళ్ళాం, ఒక ముసల్ది. మీ ఇంట్లో డబ్బా ఎట్టా నిండుద్ది దీనమ్మా? దేవుడి కాడ కూడా గొప్పలకి పోతన్నావా?"

"నేను వేసేది పిడికెడే వదినా. ఒట్టు. ఎట్టా నిండుద్దో నాకే తెలవదు," అంది దీనమ్మ. నిజంగానే ఆమెకు తెలియదు. చాలారోజులు ఆలోచించింది. నా మూత తీసి లోపలికి చూసింది, ఊపి చూసింది. చివరికి ఆమెకు ఒకటే దారి కనిపించింది. పిల్లను తీసుకుపోయిన దేవుడు ఈ రూపాన తనను పలకరిస్తున్నాడు అనుకుంది.

కోతపండగ నాడు అయ్యగారు, "సాక్ష్యం చెప్పేవారెవరైనా ఉన్నారా?" అని అడిగారు. ఎప్పుడూ నోరు విప్పని దీనమ్మ నన్ను పట్టుకొని లేచింది. అందరి ముందూ చెప్పింది. తను వేసేది పిడికెడని, ప్రభువు దాన్ని నింపుతున్నాడని, తనను ఆయన మరిచిపోలేదని. చెబుతుంటే ఆమె ముఖంలో ఎన్నో ఏళ్ళ తరవాత పాత వెలుగు కనిపించింది. చర్చి అంతా స్తోత్రం అంది. సువార్తమ్మ అందరికన్నా గట్టిగా అంది.

నేను మాత్రం మగవాళ్ళ వైపు చూశాను. ఇస్సాకు తల వంచుకొని కూర్చున్నాడు. రెండు వేళ్ళ మధ్య లేని దారాన్ని నలుపుతున్నాడు.

మర్నాడు ఆమె లేనప్పుడు వచ్చాడు. మూత తీసి లోపలికి వంగాడు.

"ఏం చెయ్యమంటావే తల్లీ? మీ అమ్మ అద్భుతం అనుకుంటంది. నేనని చెబితే ఆమెకి ఇంకేం మిగులుద్ది? మానేస్తే దేవుడు కూడా వదిలేశాడనుకోదా?"

నాలో నుంచి జవాబు రాదు కదా. పిడికెడు వేసి వెళ్ళిపోయాడు. అలా ఆయన నోరు రెండోసారి మూతపడింది. మొదటిసారి దుఃఖం మూయించింది, రెండోసారి ఆమె సంతోషం మూయించింది.

కాలం ఎలా గడిచిందో చెప్పమంటే నాకు వంటింటి లెక్కే తెలుసు. కట్టెల పొయ్యి పోయి కిరసనాయిలు స్టవ్ వచ్చింది, అది పోయి గ్యాసు వచ్చింది. మరియమ్మ కాలం చేసింది. పోయే ముందు ఆవిడ దీనమ్మ చెయ్యి పట్టుకొని, "ఆ పిల్లకి మీరు ఏం పేరనుకున్నారే?" అని అడిగింది. దీనమ్మ నోరు తెరిచింది. వసారాలోంచి ఇస్సాకు లోపలికి రావడం చూసి, "పడుకో అత్తా" అంది. ఇస్సాకు గడప దగ్గరే వెనక్కి తిరిగి మిషను దగ్గరికి వెళ్ళిపోయాడు. పాపం, మరియమ్మ ఆ పేరు వినకుండానే వెళ్ళిపోయింది.

తుఫాను వచ్చి సమాధుల తోట మునిగినప్పుడు చిన్న చిన్న గుట్టలన్నీ కొట్టుకుపోయాయి. సమాధుల పండగకు అందరూ తమవాళ్ళ రాళ్ళ మీద కొవ్వొత్తులు వెలిగిస్తే, దీనమ్మా ఇస్సాకూ మూల గోడ దగ్గర గడ్డిలో అంచనాగా ఒకటి గుచ్చి వచ్చేవాళ్ళట. దారిలో వాన గురించి మాట్లాడుకుంటూ ఇంటికి వచ్చేవాళ్ళు.

దీనమ్మ జుట్టు నెరిసింది. పేటలో ఎవరింట పురుడొచ్చినా, ఎవరు మంచాన పడ్డా ఆమె ఉండాల్సిందే. చర్చి ఊడ్చేది, బల్లమీది గుడ్డ ఉతికేది, పిల్లలకు పాటలు నేర్పేది. కొత్తగా వచ్చిన ప్రతి అయ్యగారూ, "ఈ సంఘానికి మీరు తల్లిలాంటివారమ్మా" అనేవారు. లాంటివారు అన్నప్పుడల్లా ఆమె చిన్నగా నవ్వేది. ఆ నవ్వు వెనక ఏముందో ఇంటికొచ్చి నా మూత తీసినప్పుడు నాకు తెలిసేది.

ఒకనాడు మధ్యాహ్నం మిషను ఆగింది. వస్తున్నాడనుకొని చూశాను. రాలేదు. దీనమ్మ కూర తరుగుతూ, "ఏవయ్యా, అన్నం తింటావా?" అని పిలిచింది. మళ్ళీ పిలిచింది. లేచి వసారాలోకి వెళ్ళింది. ఆయన నుదురు మిషను మీది గుడ్డకు ఆని ఉందట. పాదం ఇంకా తొక్కుడు పలక మీదే ఉందట. ఆమె అరిచిన అరుపు కూడా నాలో ఉండిపోయింది. నాలో చాలా ఉన్నాయి, చెప్పాను కదా.

ఆయన పోయాక వచ్చిన మొదటి ఆదివారానికి నేను నిండలేదు. సగం ఉన్నాను. దుఃఖంలో సరిగా వేశానో లేదో అనుకుంది. మరుసటి నెలా సగమే. ఆమె ముఖం తెల్లబోయింది. "నేనేం తప్పు చేశాను ప్రభువా, నువ్వు కూడా వెళ్ళిపోయావా?" అని నా ముందు నిలబడి ఏడ్చింది. ఇస్సాకు భయపడ్డది సరిగ్గా దీనికే. నేను రేకు పగిలేలా అరవాలనుకున్నాను. ఉన్న ఆ కాసిని బియ్యంతో నిశ్శబ్దంగా కూర్చున్నాను.

తరవాతి నెల, చర్చికి బయలుదేరబోతూ బియ్యం చేటలో పోసి, అడుగున అంటుకున్నవి రాలడానికి నన్ను బోర్లించి తట్టింది. అడుగు అంచు సందులో ఎప్పటినుంచో ఇరుక్కున్న ఒక దారపు ఉండ జారి చేటలో పడింది. నీలం రంగుది. బడిపిల్లల నిక్కర్ల దారం.

విసుగ్గా తీసి పారెయ్యబోయింది. చెయ్యి ఆగింది.

"ఆయన పోయాక ఒక్క దారమన్నా రాలేదే," అంది తనలో తను.

ఆ ఉండను వేళ్ళ మధ్య తిప్పింది. చేటలోని సగం బియ్యాన్ని చూసింది. వసారాలో గుడ్డ కప్పిన మిషను వైపు చూసింది. ఒక్కొక్కటే ఆమె ముఖంలో జతపడటం నాకు కనపడింది. నేల మీద చతికిలబడింది.

"ఏవయ్యా. నువ్వా? ఇన్నాళ్ళూ నువ్వేనా?"

చర్చి గంట కొట్టారు. లేవలేదు.

"ఎవరి పేరున వేశావయ్యా? మన పిల్లకి కాకపోతే ఇంకెవరికి వేస్తావు? ఒక్క మాట నాతో అనకపోయావా? నేనూ దాని పేరేగదయ్యా అంటన్నది ఇన్నాళ్ళూ."

గుండెలు బాదుకోలేదు, పెద్దగా ఏడవనూ లేదు. చేటలో చెయ్యి పెట్టి ఆ బియ్యాన్ని నిమురుతూ కూర్చుంది. ఏ గింజ ఆమెది, ఏ గింజ ఆయనది అని ఎవరు చెప్పగలరు? ఆయనవి ఎప్పుడో గంపలోకి పోయాయి. దిక్కులేని ముసలివాళ్ళు తినేశారు.

ఆలస్యంగా చర్చికి వెళ్ళింది. సగం నిండిన నన్ను పొదివి పట్టుకొని, చాప మీద సువార్తమ్మ పక్కన కూర్చోకుండా, నిలబడే ఉంది. కొత్తగా వచ్చిన చిన్న వయసు అయ్యగారు ప్రసంగం ఆపి, "ఏమమ్మా?" అన్నారు.

"సాక్ష్యం అయ్యగారూ," అంది. "ఎప్పుడో కోతపండక్కి నేనొక సాక్ష్యం చెప్పాను. పెద్దోళ్ళకి గుర్తుండుద్ది. నా డబ్బా ప్రభువు నింపుతన్నాడని. ప్రభువు కాదండీ. మా ఆయన. నాకు తెలీకుండా రోజూ ఒక పిడికెడు వేశాడు."

చర్చి గుసగుసలాడింది. ఆమె గొంతు సవరించుకుంది.

"అది మా పిల్ల పేరున వేశాడండీ. మాకొక పిల్ల పుట్టింది. ఈస్టరుకి బాప్తిస్మం చేపిద్దామనుకున్నాం, అందాకా ఉండలా. గుంట కాడ అయ్యగారు పేరడిగితే లేదన్నారు. నేనూ ఊరుకున్నా, ఆయనా ఊరుకున్నాడు. పేరుందండీ." నన్ను గుండెకు ఇంకా గట్టిగా అదుముకుంది. "హెప్సిబా. మా పిల్ల పేరు హెప్సిబా."

ఆ పేరు మొదటిసారి నా మూత కింద కాకుండా బయట వినిపించింది. చర్చి గోడలకు తగిలి మళ్ళీ వచ్చింది. ఎవరూ మాట్లాడలేదు. దీనమ్మకు కూర్చోవాలని కూడా తోచలేదు. చెప్పాల్సింది చెప్పేశాక ఏం చెయ్యాలో తెలియని పిల్లలా నిలబడిపోయింది.

అప్పుడు సువార్తమ్మ ఆమె కొంగు పట్టి లాగింది. ఆమె ముఖం నిండా నీళ్ళు. గుసగుసగానే అన్నాననుకుంది గానీ, చర్చి అంతటికీ వినపడింది.

"కూర్చో, హెప్సిబా వాళ్ళమ్మా. అసలే మోకాళ్ళ నొప్పులు నీకు."

దీనమ్మ కూర్చుంది. సువార్తమ్మ భుజం మీద తల పెట్టి, ఎన్నేళ్ళనాటి ఏడుపో అక్కడ ఏడ్చింది. ఆ రోజు నుంచి పేటంతా ఆమెను ఆ పేరుతోనే పిలిచింది. కూరగాయల బండివాడికి నోరు తిరక్క ఎప్సమ్మ వాళ్ళమ్మ అనేవాడు. దానికి కూడా ఆమె పలికేది.

ఆ సాయంత్రం ఎసరు పెట్టి నా మూత తీసింది. ఒక పిడికెడు వేసి, "హెప్సిబా. ఇది అమ్మది" అంది. మళ్ళీ కుండలో చెయ్యి పెట్టి ఇంకో పిడికెడు తెచ్చింది. "ఇది నాన్నది తల్లీ" అంది. ఆయన మాటే, ఒక్క అక్షరం తేడా లేకుండా. ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేనైతే చెప్పలేను కదా.

ఆమె పోయే దాకా అలా రెండు పిడికెళ్ళు వేస్తూనే ఉంది. చివరి రోజుల్లో చెయ్యి లేవకపోతే సువార్తమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి వేసేది. పోయిన రోజున ముందుగదిలో ఆమెను పడుకోబెట్టారు. అయ్యగారు ఆమె జీవితం గురించి నాలుగు మాటలు చదవాలని వివరాలు అడుగుతుంటే నాకు వంటింట్లోకి వినిపిస్తూనే ఉంది. ఏ ఊరు, ఎప్పటి మనిషి, భర్త పేరు. ఆపైన ఆయన గొంతు తగ్గించి, "పిల్లలెవరూ లేరు కదా?" అన్నారు.

ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. నా రేకు జలదరించింది. అలాంటి క్షణం ఒకటి ఇదివరకే గడిచింది కదా ఆ కుటుంబానికి.

"ఎందుకు లేరండీ?" అని సువార్తమ్మ గొంతు ఖంగుమంది. "ఒక కూతురు. హెప్సిబా. రాసుకోండి."

ఇప్పుడు నేను సువార్తమ్మ ఇంట్లో ఉన్నాను. అడుగు తుప్పు పట్టి చిల్లు పడితే లోపల గుడ్డముక్క వేసింది. బియ్యం కారిపోవని ఆమె నమ్మకం. కొన్ని కారతాయి. కోడళ్ళు పారేస్తామంటే ఒప్పుకోలేదు. రోజూ ఎసరు వేళకు వచ్చి కూర్చొని, మూడు పిడికెళ్ళు వేస్తుంది. గొణగడం ఆమెకు చేతకాదు కాబట్టి గట్టిగానే అంటుంది. "హెప్సిబా! ఇది మీ అమ్మది. ఇది మీ నాన్నది. ఇదేమో నాదే, నోరు జారిన ముసల్దానిది." వీధిలో పోయేవాళ్ళు ఆగి చూస్తారు.

పేటంతా వింటోంది ఆ పేరు. ఒక్క ఇస్సాకు మాత్రం వినలేదు. ఆయన బతికుండగా, పక్కగదిలోనే, అదే పేరు, దీనమ్మ నోట, రోజుకు రెండుసార్లు. ఆయన వినలేదు.